వంతెన మీద ఆపిన బస్సు

ఆయన అసలు పేరు డిపో రిజిస్టర్లో తప్ప ఎక్కడా వినపడేది కాదు. అందరూ నిమిషం డ్రైవరు అనేవాళ్ళు. పందొమ్మిదేళ్ళుగా ఒకే రూటు. నదికి ఇవతలి ఒడ్డున కూరగాయల మార్కెట్టు దగ్గర బయల్దేరి, పాత వంతెన దాటి, అవతలి ఒడ్డున నూలు మిల్లుల దాకా ముప్ఫై ఒక్క స్టాపులు. ఆ స్టాపుల్లో నిలబడేవాళ్ళు ఆయన బస్సును చూసి చేతి గడియారాలు సరిచేసుకునేవాళ్ళు. బస్సు ఒక్క నిమిషం ఆలస్యమైతే, ఇవాళ ఆయన సెలవేమో అనుకునేవాళ్ళు.

ఆ బస్సులో ఎనిమిదేళ్ళుగా కండక్టరు ఒకావిడే. ఆయన కంటే నాలుగేళ్ళు పెద్దది. ఆయన అక్కా అంటాడు, ఆవిడ తమ్ముడూ అంటుంది. ఆవిడ గొంతు విప్పిందంటే వెనక సీట్లో గురకపెట్టేవాడు కూడా ఉలిక్కిపడి టికెట్టు తీసుకోవలసిందే.

పనిలో అంత పద్ధతి గల డ్రైవరు, తిండి దగ్గర మాత్రం మహా మొండి. డ్రైవరు సీట్లో కూర్చున్నాక తొమ్మిది గంటలు లేవడానికి ఉండదు. కడుపు నిండా తింటే దారిలో ఇబ్బంది. అందుకని అసలు తినకపోవడమే అలవాటు చేసుకున్నాడు. ఆరేళ్ళ కిందట కడుపులో మంట మొదలైంది. మందుల షాపతను ఒక బిళ్ళ చేతిలో పెట్టి, "పరగడుపున ఒకటి వేసుకో, మంట మాయమైపోతుంది" అన్నాడు. మాయమైంది. ఎన్నాళ్ళు వేసుకోవాలో ఆయన అడగలేదు, అతనూ చెప్పలేదు. ఆరేళ్ళు రోజూ వేసుకున్నాడు.

మంట తగ్గినా భయం తగ్గలేదు. పాలు తాగితే పొట్ట ఉబ్బుతోందని మానేశాడు. గుడ్డు తింటే తేన్పులని అదీ మానేశాడు. మాంసం, చేప తింటే స్టీరింగు ముందు కునుకు వస్తుందని వాటినీ వదిలేశాడు. చివరికి మిగిలింది పాలు లేని టీ, బన్ను, బిస్కెట్లు. సాయంత్రం ఇంట్లో ఉడకబెట్టిన కూరగాయ ముక్కలు రెండు కెలికి లేచేవాడు. 

"పిచ్చుక కూడా అంతకంటే ఎక్కువ తింటుంది" అని భార్య సణిగేది.

"ఒళ్ళు తేలిగ్గా ఉంటుందే" అనేవాడు గర్వంగా.

మొదట తేడా వచ్చింది పాదాల్లో. ఒకరోజు పొద్దున బూట్లు వేసుకుంటే లోపల ఎవరో దూది కూరినట్టు అనిపించింది. విప్పి దులిపాడు. ఏమీ లేదు. నేల మీద నడుస్తుంటే పరుపు మీద నడుస్తున్నట్టు ఉంది. అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టు జివ్వుమంటోంది. కొన్నాళ్ళకి నాలుక మీద మంట. వేడి టీ తగిలితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. 

ఎవరికీ చెప్పలేదు. పాదం మొద్దుబారిందని డ్రైవరు నోటితో చెప్తే ఆ నోటితోనే ఉద్యోగం పోగొట్టుకున్నట్టు. అది ఒక కారణం. ఇంకో కారణం ఉంది. దాన్ని ఆయన భార్యకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఆయనకి పన్నెండేళ్ళప్పుడు వాళ్ళ నాన్నకి మతి చెడింది. గిడ్డంగిలో కాపలాదారు ఆయన. మంచి మనిషి, మాట మెత్తన. ఉన్నట్టుండి, గోడలు తన మాటలు వింటున్నాయని గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టాడు. తర్వాత ఇంట్లో వాళ్ళ మీద అనుమానం. తర్వాత ఒకరోజు నలుగురు పట్టుకుని తీసుకెళ్ళి పెద్ద గేటు ఉన్న ఆస్పత్రిలో చేర్పించారు. ప్రతి ఆదివారం తల్లి డబ్బాలో తిండి సర్ది కొడుకు చేతికిచ్చి పంపేది. నాన్న ఊచల వెనక నుంచి కొడుకుని పరాయివాణ్ణి చూసినట్టు చూసేవాడు. ఒక ఆదివారం డబ్బా గోడకేసి కొట్టాడు. ఏడాదిన్నర తర్వాత అక్కడే పోయాడు. 

తల్లి కొడుకుని కూర్చోబెట్టి, "మీ నాన్న గుండెనొప్పితో పోయాడు. ఎవరడిగినా అదే చెప్పు. పిచ్చి వంశం అంటే నీ బతుకు బుగ్గవుతుంది" అంది. 

ఆయన అదే చెప్పాడు. పెళ్ళికి ముందూ చెప్పాడు, పెళ్ళయ్యాకా చెప్పాడు. కానీ లోపల ఒక లెక్క నడుస్తూనే ఉంది. నాన్నకి మతి చెడినప్పుడు నలభై ఆరు. ఇప్పుడు తనకి నలభై ఆరు.

పాదాల సంగతి మొదలైన మూడు నెలలకి, మిట్టమధ్యాహ్నం, పదిహేడో స్టాపు దాటాక రోడ్డుకి అడ్డంగా ఒక ముసలావిడ కనిపించింది. బూడిదరంగు శాలువా, చేతిలో సంచి. బ్రేకు మీద కాలు వేశాడు. వేసిందీ లేనిదీ పాదానికి తెలియలేదు. కిందికి చూసి, బ్రేకు మీదే ఉందని కళ్ళతో ఖాయం చేసుకుని, బలమంతా పెట్టి నొక్కాడు. బస్సు కీచుమంటూ ఆగింది. నిలబడ్డవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. ఒకతని పెదవి చిట్లి రక్తం కారింది.

రోడ్డు మీద ఎవరూ లేరు.

"ఏమైంది తమ్ముడూ?" అంటూ కండక్టరు ముందుకి వచ్చింది.

"ముసలావిడ..." అన్నాడు.

ఆవిడ ముందుకి వంగి చూసింది. ఎండలో మెరుస్తున్న ఖాళీ రోడ్డు. ఆయన మొహం చూసింది. తెల్లగా, పాలిపోయి, పై పెదవి మీద చెమట. వెనక్కి తిరిగి ఠపీమని, "కుక్క అడ్డమొచ్చింది! ఎవరికీ ఏం కాలేదుగా? రక్తం కారుతున్న బాబూ, ఇదిగో రుమాలు" అని కేకేసింది.

ఆ అబద్ధం తను ఎందుకు ఆడిందో ఆవిడ తర్వాత చాలాసార్లు తలుచుకుని బాధపడింది. ఎనిమిదేళ్ళ స్నేహం. నోరు దానంతటదే తిరిగింది.

రెండు వారాల తర్వాత ఇంకో దెబ్బ. వంతెన దాటగానే కుడికి తిరగాలి. పందొమ్మిదేళ్ళుగా తిరిగిన మలుపు. ఆ రోజు అక్కడికి వచ్చేసరికి బుర్రలో దీపం ఆరిపోయినట్టైంది. మూడు దారులు కనిపిస్తున్నాయి, ఏదీ తనది కాదు. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. చేతులు స్టీరింగు మీద చెక్కల్లా బిగుసుకుపోయాయి.

"కుడికి, తమ్ముడూ" అంది కండక్టరు ఆయన చెవి దగ్గర, మెల్లగా. 

ఆ రోజు నుంచి ఆవిడ టికెట్లు కొట్టేసి వచ్చి ఆయన సీటు వెనకే నిలబడేది. మలుపు రాబోయే ముందు దగ్గేది. ఒక దగ్గు ఎడమకి, రెండు దగ్గులు కుడికి. ప్రయాణికులు ఆవిడకి జలుబనుకున్నారు. ఒకామె మిరియాల పొడి కూడా తెచ్చిచ్చింది. 

"డాక్టరు దగ్గరికి పద" అని రోజూ పోరేది ఆవిడ.

"నిద్ర చాలట్లేదు అక్కా, అంతే" అనేవాడు.

నిద్ర చాలకపోవడం నిజమే. కానీ ఆయన చెప్పనిది ఏమిటంటే, ఇంజను మోతలో ఒక గొంతు వినపడుతోంది. మొదట్లో మాటలు తెలియలేదు. పక్కగదిలో ఎవరో గొణుగుతున్నట్టు ఉండేది. తర్వాత తెలిశాయి. 'నీ తిండిలో ఏదో ఉంది' అనేది. 'చూసుకో. నీ తిండిలో ఏదో ఉంది.'

ఆయనకి తెలుసు, అది మతి చెడటమేనని. నాన్న ఇలాగే మొదలుపెట్టాడని తెలుసు. కానీ తెలిసినంత మాత్రాన గొంతు ఆగదు. అదే ఆ జబ్బులోని ఘోరం. పొద్దున లేచి, 'నా భార్య అలాంటిది కాదు' అని తనకి తాను చెప్పుకునేవాడు. సాయంత్రానికి ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలోకి చిటికెడు తెల్లటి పొడి వెయ్యడం చూసేవాడు. అది ఉప్పే. ఉప్పని తెలుసు. అయినా ఆ గిన్నె మీంచి చూపు తిప్పుకోలేకపోయేవాడు.

ఆవిడ పెట్టింది నోట్లో పెట్టుకున్నట్టే పెట్టుకుని రుమాల్లోకి ఉమ్మేవాడు. రుమాలు జేబులో కుక్కి బయటికి వెళ్ళి మురిక్కాలవలో దులిపేవాడు. ఇప్పుడు ఆయన నమ్మేది సీలు విప్పని బిస్కెట్ ప్యాకెట్టుని ఒక్కదాన్నే. దాన్ని కూడా అటూ ఇటూ తిప్పి, ఎక్కడైనా సూది గుచ్చిన గుర్తు ఉందేమోనని వెలుతురులో పెట్టి చూసేవాడు. అసలే తిండి లేని ఒంట్లోకి ఆ కాస్త కూరముక్కా వెళ్ళడం మానేసింది. భయం పెరిగినకొద్దీ తిండి తగ్గింది. తిండి తగ్గినకొద్దీ భయం పెరిగింది. ఎలక బోనులో తిరిగినట్టు మనిషి అందులోనే తిరిగాడు.

భార్య బట్టలు ఉతికేటప్పుడు జేబుల్లో ఎండిన కూరముక్కలు దొరికేవి. ఆవిడ ఏమనుకోవాలో తెలియక ఎవరికీ చెప్పుకోలేకపోయింది. కుట్టుపని చేసే మనిషి. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆగిపోయి, ఆయన గది తలుపు వైపు చూస్తూ కూర్చునేది.

వాళ్ళకి ఒక్కతే కూతురు. పద్నాలుగేళ్ళది. ఒక సెలవురోజు మధ్యాహ్నం ఆ పిల్ల వంటింటి గట్టు మీద తల్లి కలిపి ఉంచిన నిమ్మరసం గ్లాసు ఎత్తి పెదవుల దగ్గర పెట్టుకుంది. ఆయన గుమ్మంలో ఉన్నాడు. ఒక్క అంగలో వచ్చి గ్లాసు లాగి గోడకేసి కొట్టాడు. 

"తాగకు! మీ అమ్మ అందులో ఏదో కలిపింది!"

గాజు పెంకులు గది నిండా చిందాయి. పిల్ల వెనక్కి వెనక్కి నడిచి గోడకి వీపు ఆనించి నిలబడింది. చిన్న పెంకు తగిలి మోచెయ్యి గీరుకుంది. ఆ పిల్ల దాన్ని చూసుకోవడం లేదు. తండ్రినే చూస్తోంది. 

ఆ చూపు ఎక్కడిదో ఆయనకి వెంటనే తెలిసింది. ఊచల ముందు, డబ్బా గోడకి తగిలి పగిలిన ఆదివారం, తన మొహం మీద ఉన్న చూపు అది. 

అప్పుడు భార్య వచ్చింది. పెంకుల్ని చూసింది, పిల్లని చూసింది, ఆయన్ని చూసింది. పిల్లని చేత్తో పొదివి పట్టుకుని పక్కగదిలోకి తీసుకెళ్ళి లోపల గడియ పెట్టింది. 

ఆ గడియ చప్పుడు ఆయన ఒంట్లోకి దిగిపోయింది. ఇంట్లో వాళ్ళు తనని చూసి తలుపులు వేసుకునే రోజు వచ్చింది.

మర్నాడు డ్యూటీకి వెళ్ళాడు. ఇంత జరిగాక ఎందుకు వెళ్ళావని తర్వాత అందరూ అడిగారు. "ఇంట్లో ఉండటానికి భయమేసింది" అన్నాడు. "వాళ్ళని చూసి కాదు, నన్ను చూసి నాకే."

ఉదయం రెండో ట్రిప్పు. మిల్లు షిఫ్టు మారే వేళ. బస్సులో తొంభై మంది దాకా ఉన్నారు. వంతెన ఎక్కగానే ఇంజను మోతలోంచి గొంతు లేచింది. ఈసారి అది ఎవరిదో గుర్తుపట్టాడు. నాన్నది. మెత్తగా, చిన్నప్పుడు పడుకోబెట్టేటప్పుడు మాట్లాడినట్టే మాట్లాడుతోంది. 

'ఆపకురా. అందరూ నిన్ను చూస్తున్నారు. ఆపితే పట్టుకుంటారు. పోనియ్యి.'

అద్దంలోకి చూశాడు. తొంభై మందీ తన వీపు వైపే చూస్తున్నట్టున్నారు. కాలు కిందికి చూశాడు. అది ఏ పెడలు మీద ఉందో తెలియలేదు. బస్సు వేగం పెరుగుతోంది. ఎడమ పక్క వంతెన రెయిలింగు, దాని కింద నది. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. స్టీరింగు ఒక పక్కకి లాగుతోందా, లాగుతోంది తనేనా?

ఆ క్షణంలో ఆయన చేసిన పని గురించి డిపోలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కాలిని నమ్మకుండా చేతిని నమ్మాడు. కుడికాలు పూర్తిగా పైకి లేపేసి, గేరు తగ్గించి, ఇంకో గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ, బస్సుని వంతెన నట్టనడుమ, సరళరేఖ గీసినట్టు ఆపాడు. తాళం చెవి తీశాడు. లేచి నిలబడ్డాడు. 

కండక్టరు పరుగున వచ్చింది. ఆయన తాళం చెవి ఆవిడ అరచేతిలో పెట్టి వేళ్ళు ముడిచాడు.

"అక్కా, దీన్ని నాకివ్వకు. నేను అడిగినా ఇవ్వకు. ఏడ్చినా ఇవ్వకు."

"ఏమైంది తమ్ముడూ?"

"నాకు పిచ్చెక్కింది."

బస్సులో గోల మొదలైంది. షిఫ్టుకి ఆలస్యమవుతోందని ఎవడో అరిచాడు. ఆవిడ వెనక్కి తిరిగి, "నోర్ముయ్యండి! బతికున్నందుకు సంతోషించి దిగి నడవండి!" అంది. 

తొంభై మంది దిగి నడిచారు. ఆవిడ డిపోకి ఫోను చేసింది. ఆ తర్వాత డ్రైవరు భార్యకి చేసింది. అదయ్యాక ఆయన పక్కన ఫుట్‌బోర్డు మీద కూర్చుని, ముసలావిడ సంగతీ దగ్గుల సంగతీ తలుచుకుని, "నా తప్పు కూడా ఉంది" అని ఏడ్చింది.

పెద్దాస్పత్రిలో మానసిక వైద్య విభాగం వెనకవైపు ఉంటుంది. ఆ వరండా చివర గేటు చూడగానే ఆయన నేల మీద కూలబడి రెండు చేతులతో స్తంభం పట్టుకున్నాడు. 

"లోపల పెట్టొద్దు. ఊచల వెనక పెట్టొద్దు."

"ఏ ఊచలు? ఇక్కడ ఊచలెక్కడున్నాయండీ?" అంది భార్య.

అప్పుడు చెప్పాడు. ముప్ఫై ఏళ్ళకి పైగా దాచింది, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగా, స్తంభాన్ని కావలించుకుని చెప్పాడు. గిడ్డంగి, గోడలు, ఆదివారాలు, డబ్బా. భార్య పక్కన కూర్చుని విన్నది. ఆవిడకి కోపం వచ్చింది, జాలి వచ్చింది, ఏది ముందొచ్చిందో ఆవిడకే తెలియదు. చివరికి, "లేవండి. నేను కూడా లోపలికి వస్తాను. నేను ఉన్నంతసేపూ మిమ్మల్ని ఎవరూ ఎక్కడా పెట్టరు" అంది. ఆయన స్తంభం వదిలి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. 'విషం పెట్టే చెయ్యి' అంది గొంతు. అయినా వదల్లేదు.

డాక్టరు సన్నగా, చిన్న వయసు మనిషి. గొంతు గురించి, ముసలావిడ గురించి, నాన్న గురించి శ్రద్ధగా విన్నాడు. విని, కలం పక్కన పెట్టి, "నిన్న పొద్దుణ్ణించి ఏమేం తిన్నారో చెప్పండి" అన్నాడు.

ఆయన తెల్లబోయాడు. పిచ్చి గురించి చెప్తుంటే తిండి గురించి అడుగుతాడేంటి?

"బిస్కెట్లు."

"మొన్న?"

"బిస్కెట్లు. టీ."

"పోయిన ఏడాది?"

ఆ మాటకి భార్య అందుకుంది. పాలు మానేసినప్పటి నుంచి మందుల షాపు బిళ్ళ దాకా, జేబుల్లో కూరముక్కల దాకా అన్నీ చెప్పింది. డాక్టరు నాలుక బయట పెట్టమన్నాడు. ఎర్రగా, పచ్చిగా, అద్దంలా నున్నగా ఉంది. బూట్లు విప్పించాడు. రెండు కొమ్ముల ఇనప కడ్డీని బల్లకి కొట్టి, అది జుమ్మని మోగుతుండగా కాలి బొటనవేలి మీద ఆనించాడు.

"అదురు తెలుస్తోందా?"

"లేదు."

చీలమండ మీద పెట్టాడు. "ఇప్పుడు?"

"లేదు."

మోకాలి మీద పెడితే కొద్దిగా తెలిసింది. తర్వాత పాదాలు దగ్గర పెట్టి నిలబడి కళ్ళు మూసుకోమన్నాడు. మూసుకున్నాడు. మూడు లెక్కపెట్టేలోగా మొదలు నరికిన చెట్టులా పక్కకి ఒరిగాడు. డాక్టరు ముందే సిద్ధంగా ఉండి పట్టుకున్నాడు. 

రక్తపరీక్ష సాయంత్రానికి వచ్చింది. బీ పన్నెండు విటమిను ఉండవలసినదాంట్లో పదో వంతు కూడా లేదు.

"చూడండి" అన్నాడు డాక్టరు. "ఈ విటమిను పాలల్లో, గుడ్డులో, చేపలో, మాంసంలో ఉంటుంది. మీరు నాలుగూ మానేశారు. ఏ కాస్తో లోపలికి వెళ్ళినా, దాన్ని తిండి లోంచి విడదియ్యాలంటే కడుపులో ఆమ్లం కావాలి. దాన్ని మీ బిళ్ళ ఆరేళ్ళుగా నొక్కేసింది. ఒంట్లో నిలవ ఉన్నది కొన్నేళ్ళు నెట్టుకొచ్చింది. ఇప్పుడు అయిపోయింది. నరాల మీద పూత ఊడిపోతే కాళ్ళు మొద్దుబారతాయి. మెదడుకి అందకపోతే మరుపు, అనుమానం, లేనివి కనపడటం, వినపడటం."

"అంటే నాకు పిచ్చి లేదా?"

డాక్టరు గబుక్కున లేదు అనలేదు. "మీకు వచ్చిన బాధ నిజమైన బాధే. దాని వెనక తిండి ఉందని నా నమ్మకం. అందరికీ అదే కారణం కాదు. ఇంజెక్షన్లు మొదలుపెడదాం. మూడు వారాల్లో మీ మనసే చెప్తుంది."

ఆ మూడు వారాలు ఆయన జీవితంలో అన్నిటికంటే భయంకరమైనవి. మొదటి ఇంజెక్షను సూది చూసి, 'ఇదే, ఇదే' అని గొంతు అరిచింది. ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. కొన్నాళ్ళు నిద్రకి, ఆ అనుమానాలకి కూడా మందులిచ్చారు. భార్య ఒక ఉపాయం చేసింది. గుడ్డు ఆయన కళ్ళ ముందే ఉడికించి, పెంకుతోనే చేతికిచ్చేది. పెంకు పగలని గుడ్డులో ఎవరు మాత్రం ఏం కలపగలరు? ఆయన దాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, వలుచుకుని, ఏడుస్తూ తినేవాడు. నాలుక మంటకి కాదు. కట్టుకున్న మనిషి ముందు కూర్చుని గుడ్డు పెంకు మీద బీటల కోసం వెతుకుతున్నందుకు.

ప్రతి పొద్దున లేవగానే కదలకుండా పడుకుని వినేవాడు. ఉందా? ఉంది. ఉందా? ఉంది. పదకొండో రోజు విన్నాడు. వార్డులో ఎవరో చీపురుతో ఊడుస్తున్న చప్పుడు, కుళాయి కారుతున్న చప్పుడు. అంతే. గొంతు లేదు. సంతోషం రాలేదు. ఎక్కడో దాక్కుందేమోనని ఇంకా భయమేసింది. మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది, పల్చగా. ఇరవయ్యో రోజు తర్వాత ఇక రాలేదు.

ఇంటికి వచ్చాక ఒక సాయంత్రం, కుట్టుమిషను పక్కన నేల మీద కూర్చుని భార్యతో అన్నాడు: "నువ్వు నాకు విషం పెడుతున్నావని నమ్మాను. ఎలా నమ్మానో నాకే తెలియడం లేదు."

ఆవిడ దారం కొరికి తెంపి, "పెట్టాలనుకుంటే పదిహేడేళ్ళు ఆగేదాన్నా? పెళ్ళైన మొదటి ఏడాదే, మీ అమ్మగారు నా వంటకి వంకలు పెట్టినప్పుడే పెట్టేదాన్ని" అంది. 

ఆయనకి నవ్వొచ్చింది. చాలా నెలల తర్వాత. ఆవిడ నవ్వలేదు. "కానీ మీ నాన్న సంగతి దాచారు. దానికి మాత్రం నాకు కోపం తగ్గడానికి టైం పడుతుంది" అని మళ్ళీ మిషను తొక్కసాగింది. పట్టింది కూడా. ఏడాది దాకా ఆ మాట ఎప్పుడు వచ్చినా ఆవిడ మొహం ముడుచుకునేది.

ఒక భయం పోతే ఇంకోటి వచ్చి దాని చోట్లో కూర్చుంది. నెలనెలా ఇంజెక్షనుకి వెళ్ళినప్పుడు డాక్టరుని అడిగేశాడు.

"మా నాన్న కూడా ఆ గిడ్డంగిలో టీ, బన్ను మీదే బతికేవాడు డాక్టరు గారూ. ఆయనకి కూడా ఇదేనా? నాలుగు సూదులు వేస్తే సరిపోయేదా?"

డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "చెప్పలేనండీ. ఆ రోజుల్లో ఎవరూ పరీక్ష చేసి ఉండరు. అవునంటే మీరు కుమిలిపోతారు, కాదంటే మీ గురించి మీరు భయపడతారు. రెండూ తెలిసి చెప్పే మాటలు కావు."

ఆ రోజు ఆయన ఇంటికి బస్సెక్కకుండా నడిచి వచ్చాడు. వచ్చి కూతుర్ని పిలిచి, తాతగారి కథ మొత్తం చెప్పాడు. ఆ పిల్ల ఆ గ్లాసు రోజు తర్వాత తండ్రితో పొడిపొడిగానే ఉండేది. ఆయన గదిలోకి వస్తే తెలియకుండానే తలుపు వైపు జరిగేది. అంతా విని, తన మోచేతి మీద గీత రుద్దుకుంటూ, "నాకు కూడా వస్తుందా నాన్నా?" అంది.

రాదు అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. తల్లి తనతో చెప్పించిన అబద్ధం గుర్తొచ్చి ఆగాడు. "తెలియదమ్మా. ఎప్పుడైనా ఏదైనా తేడా అనిపిస్తే, ఎంత చిన్నదైనా, నాకు చెప్పు. నాకు చెప్పాలనిపించకపోతే మీ అమ్మకి చెప్పు."

"నువ్వు గ్లాసు విసిరినప్పుడు చాలా భయమేసింది."

"నాక్కూడా."

ఆ పిల్ల వచ్చి పక్కన కూర్చుంది. దగ్గరగా కాదు. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి.

ఎనిమిది నెలలకి డిపో వాళ్ళు ఫిట్‌నెస్ పరీక్ష పెట్టారు. ముందు రోజు కండక్టరు, డిపో వెనక ఖాళీ స్థలంలో ఒక పాత బస్సు ఇప్పించింది. ఆయన సీట్లో కూర్చుని కళ్ళు రోడ్డు మీదే ఉంచి, బ్రేకు వెతికాడు. ఇరవై సార్లు వెతికితే పదిహేడు సార్లు పాదానికి దొరికింది. మూడుసార్లు దొరకలేదు. 

"పదిహేడంటే మంచి మార్కులే, తమ్ముడూ" అంది ఆవిడ కింద నిలబడి.

"బడిలో మంచి మార్కులే అక్కా" అని దిగిపోయాడు. పరీక్షకి వెళ్ళలేదు. కాగితం రాసిచ్చి వేరే పని అడిగాడు. బస్సుల టైములు తయారుచేసే గదిలో వేశారు. ఏ రూట్లో ఎంత రద్దీయో, ఏ మలుపు దగ్గర ఎంత సమయం పోతుందో పుస్తకం చూడకుండా చెప్పగల మనిషి అక్కడ పనికొచ్చాడు. ఆయన పట్టుబట్టి ప్రతి డ్రైవరుకి రెండు ట్రిప్పుల మధ్య ముప్ఫై నిమిషాల భోజన విరామం పెట్టించాడు. దాన్ని తగ్గించమని ఒత్తిడి వస్తే, మెత్తటి మనిషి కాస్తా బల్ల గుద్ది అరిచాడట. కండక్టరు ఇప్పుడు వేరే డ్రైవరుతో అదే రూట్లో ఉంది. 

ఆ డ్రైవరుకి నోరెక్కువ, ఆకలి కూడా ఎక్కువేనని చెప్పి నవ్వుతుంది. కానీ అతను ఎప్పుడైనా తినకుండా బండెక్కితే మాత్రం టికెట్ల మిషను పక్కన పెట్టేసి కదలనివ్వదు.

ఆయన మతి కుదుటపడింది. పాదాలు పూర్తిగా బాగుపడలేదు. చలికాలం వచ్చిందంటే బొటనవేళ్ళు మళ్ళీ మొద్దుబారతాయి. మళ్ళీ మొదలైందేమోనని భయపడతాడు. ఇప్పుడు దాచడు. భార్యని పిలిచి చెప్తాడు. ఆవిడ మిషను ఆపి, ఆయన పాదం ఒళ్ళో పెట్టుకుని, ఆయన్ని కళ్ళు మూసుకోమని, ఒక్కో వేలూ నొక్కుతుంది.

"తెలిసిందా?"

"తెలిసింది."

"ఇది?"

"ఇది తెలియలేదు."

"సరే" అని ఇంకోసారి, కాస్త గట్టిగా నొక్కుతుంది.